నిర్దోషి అని తేలింది సరే... పోయిన ఏళ్లు ఎవరు తిరిగి ఇస్తారు?

2007 డిసెంబర్ 27. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలోని ఓ లేడీస్ హాస్టల్లో తెనాలికి చెందిన బీఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. రాష్ట్రమంతా అట్టుడికింది. దోషిని పట్టుకోవాలని పోలీసులపై ఒత్తిడి పెరిగింది. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతానికి చెందిన ఒక పేద దళిత యువకుడిని అరెస్టు చేసి, ఇతడే హంతకుడన్నారు. 2010లో విజయవాడ కోర్టు అతనికి జైలు శిక్ష వేసింది.

ఇక్కడే ఎవరూ ఊహించని సంగతి ఒకటి జరిగింది. బిడ్డను పోగొట్టుకున్న ఆ ముస్లిం కుటుంబమే ముందుకొచ్చి, "మా అమ్మాయిని చంపింది ఇతను కాదు" అని చెప్పింది. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని తీర్పు చెప్పింది, లక్ష రూపాయలు చెల్లించమని ఆదేశించింది. అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. తీరా చూస్తే కింది కోర్టులో భద్రపరచాల్సిన ఆధారాలు అప్పటికే ధ్వంసమైపోయాయి.

అంటే ఒక్క తప్పుడు కేసు రెండు ఇళ్లను ముంచింది. ఒక ఇంటి కొడుకు యవ్వనం పోయింది. ఇంకో ఇంటి కూతురికి న్యాయం దక్కలేదు. నిర్దోషి జైల్లో ఉన్నన్నాళ్లూ అసలు దోషి హాయిగా బయట తిరుగుతాడు. తప్పుడు శిక్షల గురించి మాట్లాడితే నేరస్థులను వెనకేసుకొచ్చినట్టేనని అనేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

పందొమ్మిదేళ్ల తర్వాత

2006 జూలై 11న ముంబయి లోకల్ రైళ్లలో పేలుళ్లకు 189 మంది బలయ్యారు. 2015లో ప్రత్యేక కోర్టు 12 మందిని దోషులుగా తేల్చి, ఐదుగురికి ఉరి, ఏడుగురికి యావజ్జీవం విధించింది. 2025 జూలై 21న బాంబే హైకోర్టు ఆ 12 మందినీ నిర్దోషులుగా ప్రకటించింది. వారిలో ఒకరు ఆ తీర్పు వినడానికి లేరు. 2021లోనే జైల్లో ఉండగా కరోనాతో చనిపోయారు.

హైకోర్టు ఎత్తిచూపిన లోపాలు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. నిందితులను గుర్తుపట్టామన్న సాక్షులు కొందరు నోరు విప్పింది ఘటన జరిగిన వంద రోజుల తర్వాత. ఒప్పుకోలు వాంగ్మూలాలు ఒకదానికొకటి నకలు తీసినట్టు ఉన్నాయి. ఏ రకం బాంబులు వాడారో కూడా ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయింది. ఈ తీర్పును ఇతర కేసుల్లో ఉదాహరణగా చూపకూడదని సుప్రీంకోర్టు తర్వాత స్టే ఇచ్చింది. విడుదలైనవారిని మళ్లీ జైలుకు పంపనక్కర లేదని కూడా చెప్పింది.

అక్షర్‌ధామ్ దాడి కేసుదీ అదే దారి. ఉరిశిక్ష పడ్డవారితో సహా ఆరుగురిని సుప్రీంకోర్టు 2014 మే 16న నిర్దోషులుగా వదిలింది. అప్పటికి పదేళ్లు దాటిపోయాయి.

తప్పు ఎక్కడ మొదలవుతుంది?

మొదటి తప్పు పోలీస్ స్టేషన్లోనే జరుగుతుంది. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని మామూలు చట్టం చెబుతోంది. ఎందుకో అందరికీ తెలుసు. దెబ్బలకు తాళలేక మనిషి చేయని నేరం కూడా ఒప్పుకుంటాడు. కానీ టాడా, పోటా, మకోకా లాంటి ప్రత్యేక చట్టాలు ఎస్పీ స్థాయి అధికారి రాసుకున్న ఒప్పుకోలుకు చెల్లుబాటు కల్పించాయి. పైన చెప్పిన ముంబయి, అక్షర్‌ధామ్ కేసులు రెండూ అలాంటి వాంగ్మూలాల మీదే నడిచాయి. కోర్టులో అవి నిలబడలేదు.

ప్రతి స్టేషన్లో మాట కూడా రికార్డయ్యే సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్లో ఆదేశించింది. ఐదేళ్లు కావస్తున్నా పరిస్థితి మారకపోవడంతో 2025 సెప్టెంబర్లో సుప్రీంకోర్టే స్వయంగా ఈ విషయాన్ని విచారణకు చేపట్టాల్సి వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టం సోదాలను వీడియో తీయాలంటోంది. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలంటోంది. ఇవి మంచి మాటలే. అయితే ల్యాబులు, నిపుణులు, పరికరాలు లేకపోతే ఆ నిబంధనలు పుస్తకంలోనే ఉండిపోతాయి.

పరిహారం: దయా, హక్కా?

హైదరాబాద్ వాళ్లకు మక్కా మస్జిద్ పేలుడు తర్వాతి రోజులు గుర్తుండే ఉంటాయి. 2007 మే 18 తర్వాత పాతబస్తీలో ఎంతోమంది కుర్రాళ్లను పట్టుకెళ్లారు. తర్వాత కేసులు వీగిపోయాయి. నిర్దోషులుగా బయటపడ్డవారికి 3 లక్షలు, పట్టుకెళ్లి వదిలేసినవారికి 20 వేల రూపాయలు ఇస్తామని 2012లో అప్పటి ప్రభుత్వం ముందుకొచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. నిర్దోషిగా విడుదల కావడం ఒక్కటే పరిహారానికి ఆధారం కాదన్నది దాని సారాంశం.

అందులో ఓ న్యాయమైన ప్రశ్న ఉంది. సాక్ష్యం చాలక బయటపడ్డ వ్యక్తి, అసలు తప్పే చేయని వ్యక్తి ఒకటేనా? కాదు. ఆ తేడా తేల్చాలంటే ఓ చట్టం ఉండాలి, తేల్చే వేదిక ఉండాలి. మన దేశంలో ఆ రెండూ లేవు. అందుకే పరిహారం ఒకరికి దొరుకుతుంది, పదిమందికి దొరకదు. అకారణంగా అరెస్టు చేయించిన కేసులో మేజిస్ట్రేటు ఇప్పించగలిగే పరిహారం కొత్త చట్టంలోనూ వెయ్యి రూపాయలకు మించదు. రెండు రోజుల కూలి అంతే!

ఈ లోటు గురించి 2018 ఆగస్టులో లా కమిషన్ తన 277వ నివేదికలో చెప్పింది. తప్పుడు కేసుల్లో నలిగినవారి కోసం ప్రత్యేక కోర్టులు పెట్టాలని, పరిహారాన్ని చట్టబద్ధమైన హక్కుగా చేయాలని సిఫారసు చేసింది. నివేదిక వచ్చి ఏళ్లు గడిచాయి, చట్టం రాలేదు. 2025 జూలైలో తమిళనాడుకు చెందిన ఒక ఉరిశిక్ష ఖైదీని వదిలేస్తూ సుప్రీంకోర్టు మళ్లీ ఇదే మాట చెప్పింది. దీనిపై ఆలోచించాల్సింది చట్టసభలేనంది.

జవాబుదారీ ఎవరు?

పరిహారం ప్రజల సొమ్ములోంచి వస్తుంది. మరి కేసు అల్లిన అధికారి సంగతేంటి? ప్రతి విడుదల తీర్పునూ పరిశీలించి, దర్యాప్తులో తప్పు చేసినవారిపై చర్య తీసుకునే ఏర్పాటు చేయాలని 2014 జనవరిలోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆరు నెలల గడువు పెట్టింది. మన రెండు రాష్ట్రాల్లో ఆ పరిశీలన ఎంతవరకు జరుగుతోందో శాసనసభ్యులు అడగాలి. బ్రిటన్‌లో అప్పీళ్లన్నీ అయిపోయిన కేసులను కూడా తిరిగి పరిశీలించే స్వతంత్ర కమిషన్ 1997 నుంచి పనిచేస్తోంది. మన దగ్గర సుప్రీంకోర్టు గడప దాటాక క్షమాభిక్ష అడగడం తప్ప పెద్దగా దారి మిగలదు.

చట్టాలు మారేదాకా కుటుంబాలు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అరెస్టుకు కారణం చెప్పించుకోవడం హక్కు. ప్రయాణ సమయం తీసేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. విచారణ సమయంలో లాయర్‌ని కలవొచ్చు. డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. మొదటి రోజే లాయర్ దొరికితే చాలా తప్పులు అక్కడే ఆగిపోతాయి.

విజయవాడ కేసులో ఆ తల్లిదండ్రులు పుట్టెడు దుఃఖంలోనూ తమ మతం కాని, తమ కులం కాని ఓ కుర్రాడి తరఫున నిలబడ్డారు. దొరికినవాడికల్లా శిక్ష వేస్తే తమ బిడ్డకు న్యాయం జరగదని వాళ్లకు తెలుసు. చట్టసభలకు మాత్రం ఇంకా తెలియాల్సి ఉంది.