గండి చూసి వస్తున్నారు, కోట చూడటం లేదు

గండికోట పేరు చెప్పగానే మన పెద్దవాళ్లకు 1969లో వచ్చిన రామారావు సినిమా గుర్తుకొస్తుంది. ఆ కథకూ ఈ కోటకూ పేరు తప్ప సంబంధం లేదు. నేటి కుర్రకారుకు గండికోట అంటే సెల్‌ఫోన్లో కనిపించే పెన్నా లోయ. పండగ సెలవులొస్తే చాలు, జీపుల్లో, మోటారు సైకిళ్లపై జనం తరలివస్తారు. నేరుగా లోయ అంచుకు పోతారు. ఫొటోలు దిగుతారు. గంటసేపటికి వెనుదిరుగుతారు. గండి చూసి పోయేవాళ్లే తప్ప కోట చూసేవాళ్లు బహు తక్కువ. మన జిల్లాలో ఉన్న ఇంతటి సంపదకు ఇది తగిన గౌరవం కాదు.

కోట జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. పొద్దున్నే సద్ది కట్టుకుని బయలుదేరితే పొద్దుగూకేలోపు తీరిగ్గా చూసి రావచ్చు. ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్న పారిన చోటే గండి. ఆ గండిని కందకంగా వాడుకుని కొండ అంచున కట్టారు కనుక గండికోట అయింది. ఒకవైపు నిలువునా కోసినట్టున్న లోయ, మిగిలిన వైపు ఎత్తైన ఎర్రరాతి గోడ, బురుజులు. ఈ రాయి వయసు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే.

పెద్ద దర్వాజా దాటగానే దారి తిన్నగా సాగదు. వంపు తిరుగుతుంది. ఏనుగులతో, గుర్రాలతో వచ్చిన శత్రువు ఒక్క ఊపున లోపలికి దూసుకురాకుండా చేసిన ఏర్పాటు అది. పిల్లలతో వెళ్లేవాళ్లు అక్కడ ఒక్క నిమిషం ఆగి ఈ సంగతి చెబితే, బడిలో ఏడాది పొడవునా విన్న పాఠం కంటే బాగా గుర్తుంటుంది.

విజయనగర రాజుల కాలంలో ఈ సీమను పెమ్మసాని నాయకులు ఏలారు. కృష్ణదేవరాయల సేనానుల్లో పెమ్మసాని రామలింగ నాయుడు పేరుమోసినవాడు. టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు 1652లో ఇక్కడికి వచ్చేనాటికి కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉంది. కొండ మీదికి ఉన్నది ఒకటే ఇరుకు దారి అనీ, పక్కనే భయంకరమైన లోయ అనీ ఆయన రాసిపెట్టాడు. కొండపైన ఊటనీళ్లతో పైరు పండించేవారని కూడా రాశాడు. ఆ తర్వాత కడప నవాబులు, మైసూరు పాలకులు వచ్చారు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేయడంతో కోటకు పని లేకుండా పోయింది.

తిండి గింజలు, నీళ్లు

కోటలో అందరూ చూడవలసినది ధాన్యాగారం. ఎత్తైన కమాను కప్పుతో ఉన్న ఆ కట్టడంలో నిలబడితే ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. దాని సమీపంలోనే కోనేరు ఉంది. యుద్ధం ముగిశాక కత్తులు అందులో కడిగేవారని, అందుకే కత్తుల కోనేరు అయిందని చెబుతారు. కథ ఎలా ఉన్నా కోనేరు అసలు ఉపయోగం నీళ్లు నిలవ చేయడమే. పెన్న కళ్లెదుటే పారుతున్నా కొండ మీద నుంచి చేతికందదు. అందుకే కురిసిన వాననూ, ఊటనూ వృథా పోనివ్వకుండా పట్టి ఉంచారు. ఎన్ని ఫిరంగులున్నా గాదెలో గింజలు, కోనేట్లో నీళ్లు లేకపోతే ముట్టడిలో కోట నెల నిలవదు. కరువు సీమలో పుట్టిన మనకు ఈ మాట ఇంకొకరు చెప్పనక్కరలేదు.

ధాన్యాగారానికి దగ్గరలోనే జుమ్మా మసీదు, రంగనాథస్వామి గుడి ఉన్నాయి. మాధవరాయస్వామి గుడి గాలిగోపురం దూరం నుంచే కనిపిస్తుంది. గర్భగుడిలో విగ్రహం లేదు. అయినా మంటపం స్తంభాల మీద శిల్పాలు చూడటానికి ఒక పూట చాలదు. ఆ స్తంభాల మీద, మసీదు గోడల మీద బొగ్గుతో, మేకులతో పేర్లు రాసినవాళ్లు ఎక్కడి నుంచో వచ్చిన శత్రువులు కారు. మన పక్క ఊళ్ల చదువుకున్న పిల్లలే. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు దీన్ని తేలిగ్గా తీసుకోరాదు.

గుప్తనిధుల పిచ్చి మరొక బెడద. రాయలసీమలో పాత గుడులను, కోటలను రాత్రివేళ తవ్వేవాళ్లకు కొదవలేదు. తవ్వినవాడు బాగుపడ్డాడని విన్నాం గాని చూసినవాళ్లం లేము. గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. దాన్ని పాడుచేస్తే చట్టప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఊరి మాట వినాలి

కోట లోపల ఒక ఊరుందన్న సంగతి వచ్చిపోయేవాళ్లకు పట్టదు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదు. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తెచ్చుకోవాలి. చట్టం మంచిదే, అది లేకపోతే ఈపాటికి కోట రాళ్లు ఇళ్ల పునాదుల్లో ఉండేవి. అయితే ఆ కట్టుబాటు బరువు మోసేది ఆ ఊరివాళ్లు. ఎగువన గండికోట జలాశయం కోసం కొండాపురం మండలంలో ఊళ్లకు ఊళ్లే మునిగాయి. నలుగురి మేలు కోసం నష్టపోయే వంతు ఎప్పుడూ పక్కనున్న పల్లెదే అయితే, లాభంలో వంతు కూడా ఆ పల్లెకు దక్కాలి గదా.

గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సంతోషమే. పర్యాటకులు పెరిగితే హోటళ్లు, గుడారాలు వస్తాయి, పని దొరుకుతుంది అంటున్నారు. అదీ నిజమే. కాని ఆ పని ఎవరికి దొరుకుతుంది? ఆ ఊరి యువకులకు, ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టాలి. ఏ బురుజు వెనక ఏముందో వాళ్లకంటే తెలిసినవాళ్లు ఎక్కడున్నారు? దుకాణాల కేటాయింపులోనూ మొదటి అవకాశం వాళ్లకే ఇవ్వాలి.

సొగసుల కంటే ముందు అవసరాలు చూడాలి. తాగునీరు, ఆడవాళ్లకు మరుగుదొడ్లు, జమ్మలమడుగు నుంచి వేళకు తిరిగే బస్సు, ప్రతి కట్టడం వద్ద తెలుగులో వివరంగా బోర్డు, లోయ అంచున కాపలా మనిషి కావాలి. అంచు రాళ్లు వానకు జారుతాయి. కింద లోతు వందల అడుగులు. ఫొటో కోసం చివరి రాతి మీదికెక్కే కుర్రవాణ్ణి ఆపే చెయ్యి అక్కడ ఉండాలి.

మనం చేయవలసినదీ ఉంది. నీళ్ల సీసా నిండుగా తీసుకెళ్తే ఖాళీ సీసా వెనక్కి తెచ్చుకోవడం బరువేమీ కాదు. మధ్యాహ్నం ఎండపూట ధాన్యాగారం, గుళ్లు, మసీదు చూసి, ఎండ చల్లబడ్డాక లోయ దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ముసలివాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి. గాదె అంటే ఏమిటో మనవళ్లకు అక్కడ నిలబడి వాళ్లే చెబుతారు.

పనులు చేపట్టే అధికారులు ముందుగా కోటలోని ఊళ్లో గ్రామసభ పెట్టి అక్కడివాళ్ల మాట వినాలి. 78 కోట్లలో ఏ పనికి ఎంత ఖర్చు చేస్తున్నదీ దర్వాజా దగ్గర బోర్డు మీద తెలుగులో రాసి పెట్టాలి.