మూజువాణిలో మునిగిన పేర్లు

మన ఓటుతో గెలిచినోడు సభలో ఏ బిల్లుకి ఎటు మొగ్గాడో మనకు తెలుసా? చాలాసార్లు తెలీదు. రాసిపెట్టరు కనక.

2019 డిసెంబరులో పార్లమెంటు ఆయుధాల చట్టాన్ని సవరించింది. లైసెన్సు మీద మూడు తుపాకులుంచుకునేవాడు రెండే ఉంచుకోవాలంది. మూజువాణి ఓటుతో పాసయిపోయింది. లోక్‌సభలో ఎస్సీలకు 84 రిజర్వుడు సీట్లున్నాయి. అక్కడ కూచున్నవాళ్లలో ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో ఏ కాగితంలోనూ దొరకదు.

రెండా మూడా అన్నది దొరల తగువు. మన తగువు వేరు. 1991 ఆగస్టులో చుండూరులో మనవాళ్లను నరికి గోతాల్లో కుక్కి కాలవలో తొక్కారు. నాలుగేళ్లకు, 1995లో, అట్రాసిటీ చట్టానికి రూల్సు వచ్చాయి. మూడో రూలు చదవండి. దాడులు జరుగుతాయన్న భయమున్న చోట ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల తుపాకీ లైసెన్సులు రద్దు చెయ్యాలి, వాళ్ల చుట్టాలవీ నౌకర్లవీ కూడా. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకే లైసెన్సులివ్వాలి. వాడకో తుపాకీ పంచమని మేం అనటంలేదు, ముందు వాళ్ల చేతిలోవి తీసుకోమంటున్నాం. 2019 సవరణ ఈ రూలు జోలికే పోలేదు.

అమెరికా ప్రతినిధుల సభలో తుపాకీ బిల్లు మీద పేరుపేరునా ఓట్లు పడితే ఆ చిట్టా అందరికీ దొరుకుతుంది. అక్కడి తుపాకుల సంఘం అది చూసే సభ్యులకు గ్రేడులేస్తుంది. ఆ సంఘం మంచిదని కాదు. చిట్టా ఉంది గనకే సభ్యులకి భయముంది.

ఇక్కడా సభ్యుడు లేచి పట్టుబట్టి డివిజన్ అడిగితే ఓట్లు రికార్డుకెక్కుతాయి. ఎన్నిసార్లు అడిగావయ్యా అని, మా వాడకొచ్చిన రోజు మా ఎంపీని నిలేస్తాం.