డాక్టరుకు కానుక, రోగికి బిల్లు



బియ్యం కొనాలన్నా, చెప్పులు కొనాలన్నా మనమే చూసి ఎంచుకుంటాం, మనమే డబ్బు కడతాం. మందు దగ్గర మాత్రం అలా కుదరదు. ఎంచుకునేది డాక్టరు, డబ్బు కట్టేది రోగి, మింగేదీ రోగే. అందుకే మందుల కంపెనీలు రోగి ఇంటి తలుపు తట్టవు. వాటి మనుషులు డాక్టరు గది ముందు బ్యాగు పట్టుకుని నిలబడతారు.

మందుల షాపువాడు సాయం చేద్దామన్నా చేతులు కట్టేసి ఉన్నాయి. చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల్లో, డాక్టరు రాసిన బ్రాండుకు బదులు అదే మందు ఉన్న మరో బ్రాండు ఇవ్వడానికి 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ఒప్పుకోవు. చౌకది పక్క అరలోనే ఉన్నా సరే. అంటే మన ఇంటి మందుల ఖర్చు ఎంతవుతుందో డాక్టరు పెన్నే తేలుస్తుంది. ఆ పెన్ను చుట్టూ ఏం జరుగుతుందో మనం తెలుసుకోవాలి.

2009 డిసెంబరులో అప్పటి మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక నియమం తెచ్చింది. మందుల కంపెనీల నుంచి డాక్టర్లు కానుకలు, ప్రయాణ ఖర్చులు, హోటల్ విడిది, నగదు తీసుకోకూడదని దాని సారాంశం. కానుకలు ఆగాయా? చెన్నైకి చెందిన అపెక్స్ లేబొరేటరీస్ కేసు చూడండి. జింకోవిట్ అనే విటమిన్ మందు ప్రచారం కోసం డాక్టర్లకు ఇచ్చిన వాటికి దాదాపు 4.72 కోట్ల రూపాయలు అయిందనీ, అది వ్యాపార ఖర్చు కాబట్టి దానిపై ఆదాయపు పన్ను మినహాయింపు కావాలనీ ఆ కంపెనీ అడిగింది. అలా ఇచ్చిన వాటిలో బంగారు నాణేలు, టీవీలు, ఫ్రిజ్‌లు, లాప్‌టాప్‌లు ఉన్నాయి.

కంపెనీ వాదన వింటే ఆశ్చర్యమేస్తుంది. తీసుకోవద్దన్న నియమం డాక్టర్లకే గానీ, ఇవ్వొద్దని మాకెవరూ చెప్పలేదు కదా అన్నారు! 2022 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టులో జస్టిస్ యు.యు. లలిత్, జస్టిస్ ఎస్. రవీంద్ర భట్‌ల ధర్మాసనం ఆ వాదనను కొట్టేసింది. పుచ్చుకోవడం తప్పయినప్పుడు, ఆ తప్పు చేయించడానికి పెట్టిన ఖర్చుకు పన్ను రాయితీ ఉండదని తేల్చింది. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి చెప్పింది. ఈ ఉచితాలు నిజానికి ఉచితం కావు, వాటి ఖర్చు మందు ధరలో కలిసి రోగి నెత్తినే పడుతుంది అని.

సంఘంలో మనం కానుక అనే మాటను పవిత్రంగా వాడతాం. తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేది కానుక. కంపెనీ ఇచ్చే దానికి లెక్క ఉంటుంది, టార్గెట్ ఉంటుంది, నెలాఖరున ఎన్ని చీటీలు రాలాయో చూసుకోవడం ఉంటుంది. దానికి తెలుగులో వేరే మాట ఉంది. అదేమిటో మీకు తెలుసు.

ఈ మాట అనగానే డాక్టర్లకు కోపం వస్తుంది. ఒక భోజనానికో పెన్నుకో మేం అమ్ముడుపోతామా అంటారు. చాలామంది మనస్ఫూర్తిగానే అంటారు. అయితే 2016లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం దాదాపు 2 లక్షల 80 వేల మంది డాక్టర్ల లెక్కలు పరిశీలించింది. కంపెనీ ఖర్చుతో ఒక్క పూట భోజనం చేసినవారిలో కూడా, ఆ కంపెనీ ప్రచారం చేస్తున్న బ్రాండును రాయడం మిగతా డాక్టర్లకన్నా ఎక్కువగా కనిపించింది. ఆ భోజనం ఖరీదు చాలావరకు 20 డాలర్ల లోపే. భోజనమే కారణమని ఆ అధ్యయనం తేల్చిచెప్పలేదు, ఆ రెండిటికీ సంబంధం ఉందని మాత్రం చూపించింది. మనిషి మనసు అలాంటిది. లంచం తీసుకున్నానన్న స్పృహ లేకుండానే మొహమాటం పని చేసిపోతుంది.

మన దేశంలో నియమాలు లేక కాదు, వాటికి పళ్లు లేకనే ఈ తిప్పలు. 2016లో మెడికల్ కౌన్సిల్ తన నియమాన్ని సవరించి, కానుక విలువను బట్టి శిక్షలు పెట్టింది. లక్ష రూపాయలు దాటితే ఏడాదికి పైగా డాక్టరు పేరును రిజిస్టరు నుంచి తీసేయవచ్చు. మంచిదే. కానీ అదే సవరణలో డాక్టర్ల సంఘాలను ఆ నియమం నుంచి తప్పించేసింది. డాక్టరు చేతికివ్వకూడనిది డాక్టర్ల సంఘం చేతికిస్తే ఫరవాలేదన్నమాట! 2023 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషన్ ఇంకాస్త గట్టి నిబంధనలు తెచ్చింది. మందును జనరిక్ పేరుతోనే రాయాలి, కంపెనీల సొమ్ముతో జరిగే సభలకు వెళ్లకూడదు అంది. డాక్టర్ల సంఘాలూ కంపెనీలూ అభ్యంతరం చెప్పాయి. మూడు వారాలు తిరక్కుండానే ఆ నిబంధనలను పక్కన పెట్టేశారు.

ఇక కంపెనీలకు 2024 మార్చి 12న కేంద్ర ఫార్మాస్యూటికల్స్ శాఖ కొత్త ప్రవర్తనా నియమావళి ప్రకటించింది. దాని ప్రకారం డాక్టరుకుగానీ వారి కుటుంబానికిగానీ కానుకలివ్వకూడదు, విదేశీ యాత్రలకు పంపకూడదు. కానీ ఫిర్యాదు వస్తే ముందుగా విచారించేది కంపెనీల సంఘంలోని కమిటీయే. ఆ ఏడాది డిసెంబరులో ఒక పెద్ద కేసు బయటపడింది. 30 మంది డాక్టర్లను పారిస్, మొనాకోలకు పంపడానికి అబ్‌వీ హెల్త్‌కేర్ ఇండియా 1.91 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టిందని ఆ శాఖ నిర్ధారించింది. డాక్టర్ల సంగతి చూడమని మెడికల్ కమిషన్‌కూ, పన్ను సంగతి చూడమని ఆదాయపు పన్ను అధికారులకూ రాసింది. మరి కంపెనీకి ఆ నియమావళి కింద పడిన శిక్ష? మందలింపు.

యౌవనస్థులకు ఇక్కడ ఒక మాట. మన కుటుంబాల్లో మెడికల్ రెప్‌లుగా పనిచేసేవారు తక్కువేమీ కాదు. బెంగళూరులో, బరంపురంలో, షోలాపూర్‌లో డిగ్రీ అయిన వెంటనే దొరికే ఉద్యోగాల్లో అదొకటి. ఈ వ్యాసం వారి మీద కాదు. ఈ కానుకల వ్యవహారాన్ని సుప్రీంకోర్టు ముందుకు తెచ్చి, నియమావళికి చట్టబద్ధత కావాలని అడిగింది మెడికల్ రెప్‌ల అఖిల భారత సమాఖ్యే. డోలో మాత్రల తయారీదారు మీద 1,000 కోట్ల ఉచితాల ఆరోపణ ఉందని 2022 ఆగస్టులో కోర్టుకు చెప్పింది వారి న్యాయవాదే. ఆ మాట ఆదాయపు పన్ను శాఖది. బెంగళూరుకు చెందిన ఆ కంపెనీ దాన్ని ఖండించింది కూడా. నిజం తేల్చాల్సినవారు తేలుస్తారు. కానీ బ్యాగు మోసేవారే బ్యాగులో ఏముందో చెప్పడానికి ముందుకు రావడం చిన్న ధైర్యం కాదు. టార్గెట్ చేరకపోతే ఉద్యోగం ఊడే చోట నిలబడి చేసిన పని అది.

అమెరికాలో 2010లో చేసిన చట్టం ప్రకారం ఏ కంపెనీ ఏ డాక్టరుకు ఎంత ఇచ్చిందో ప్రభుత్వానికి చెప్పి తీరాలి. 2014 నుంచి ఆ వివరాలు జనం ముందున్నాయి. డాక్టరు పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. దానితో అక్కడ అంతా బాగుపడిందని కాదు, కనీసం చీకట్లో జరగడం లేదు. నయమాను దగ్గర వెండి, దుస్తులు తీసుకున్న గేహజీ నేరుగా ఇంటికెళ్లి వాటిని దాచిపెట్టాడు. దాచడంలోనే సంగతంతా తెలిసిపోతుంది. మన ప్రభుత్వాన్ని అడగాల్సింది అలాంటి బహిరంగ పట్టికే. డాక్టర్ల చదువులకూ సదస్సులకూ డబ్బు కావాలి, నిజమే. అది ప్రభుత్వం, వైద్య కళాశాలలు పెట్టాలి.

అంతవరకూ చేతిలో ఉన్న పని చేద్దాం. మందుల పేర్లు జనరిక్ పేరుతో, చదవగలిగేలా రాయాలన్న 2016 నియమం ఇప్పటికీ ఉంది. "డాక్టరు గారూ, దీని అసలు పేరు కూడా రాస్తారా?" అని మర్యాదగా అడగడం తప్పు కాదు. కన్నడం, మరాఠీ, ఒడియా సరిగా రాక మన పెద్దలు డాక్టరు ముందు నోరు విప్పరు. పక్కన పిల్లలు వెళ్లి అడగాలి. అయితే సొంతంగా మందు మార్చడం, మానేయడం మాత్రం చేయకండి.

చివరిగా, మన చర్చి ఆవరణల్లో జరిగే ఉచిత వైద్య శిబిరాల గురించి. ఎముకల పరీక్ష, షుగరు పరీక్ష ఉచితమని బ్యానరు కడతారు. కొన్నిచోట్ల ఆ యంత్రం, దాన్ని నడిపే మనిషి, చివరికి బ్యానరు ఖర్చు కూడా మందుల కంపెనీవే. శిబిరం నుంచి బయటికొచ్చే ప్రతి చీటీలో ఏ బ్రాండు ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పాస్టర్లు, సంఘ పెద్దలు హాలు తాళం ఇచ్చే ముందు నిర్వాహకులను రెండు సంగతులు అడగాలి. ఈ ఖర్చు ఎవరు పెడుతున్నారు? ఇక్కడ రాసే మందులు జనరిక్ పేరుతో రాస్తారా? జవాబు కాగితం మీద తీసుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనలతోపాటు చదవండి.