ఐస్‌లాండ్ వాళ్ళ అటకెక్కిన రాజ్యాంగం

ఐస్‌లాండ్‌లో జనం నాలుగు లక్షల్లోపే. సొంత సైన్యం లేదు. చాలామందికి ఇంటిపేర్లూ ఉండవు, ప్రధానమంత్రినైనా సొంత పేరుతోనే పిలుస్తారు. (మనకేమో "గారు" లేకపోతే నోరు రాదు!) వాళ్ళ పార్లమెంటు ఆల్థింగ్ 930లో మొదలైంది, ఇప్పుడు 63 మంది సభ్యులు.

అందుకే ప్రజాస్వామ్యం అంటే వాళ్ళదేనని పొగిడేవాళ్ళు ఎక్కువ. నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు. 2008లో బ్యాంకులు కూలాక, 2011లో ఎంపీలు కాని పాతికమంది కూర్చుని, ఫేస్‌బుక్‌లో జనం సలహాలు కూడా తీసుకుని కొత్త రాజ్యాంగం ముసాయిదా రాశారు. 2012 రెఫరెండంలో ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతులు సరేనన్నారు. అది సలహా మాత్రమేనట! పార్లమెంటు ఇప్పటిదాకా ఆమోదించలేదు. ప్రైవేటు సొత్తు కాని సహజవనరులన్నీ, సముద్రంలో చేపలతో సహా, జాతివేనని అందులో ఉంది మరి. చేపల కోటాలు గుప్పిట్లో పెట్టుకున్నవాళ్ళకి అది రుచిస్తుందా?