గృహవిజ్ఞానము: కారు ఏ.సీ.కి నూనె యెంత?



గతమాసమున ఫ్రిజ్జు తలుపునకుండు రబ్బరుపట్టీని గూర్చి వ్రాసితిని. దానిని చదివిన యొక సోదరి, తమ కారునకు గ్యాసు నింపించిన ప్రతిసారియు మెకానిక్కు "కొంచెం ఆయిలు కూడా పోశానమ్మా" అనుచున్నాడనియు, అది మేలో కీడో తెలుపుమనియు జాబు వ్రాసిరి. ఈ విషయమును నేను పుస్తకమువలన నేర్వలేదు; మా పెద్దపిల్ల బడిరుసుమునకై దాచిన సొమ్ము వెచ్చించి నేర్చితిని.

మా వారు ఉపాధ్యాయులు. మాది ఒకరు వాడి విడిచిన పాత చిన్నకారు. గడచిన వేసవిలో మా యత్తగారికి కంటి శస్త్రచికిత్స జరిగినది. తెనాలినుండి గుంటూరునకు పలుమాఱు పోవలసివచ్చెను. కంటికి దుమ్ము తగులరాదని వైద్యుల యాజ్ఞ. కావున అద్దములు దింపరాదు, ఏ.సీ. లేక అద్దములు మూసిన కారు రోహిణికార్తెలో కుమ్మరియావమే. అట్టి సమయమున నొకనాడు దారిలో కంప్రెసరు కీచుమని యఱచి బిగిసిపోయెను. ఆమె చెమటలు క్రక్కుచు, "ఏం ఫరవాలేదే అమ్మాయీ" అనుచునే యుండిరి. ఆ మాట నన్ను మఱింత బాధించెను.

షెడ్డులో క్రొత్త కంప్రెసరు బిగించి, "కొత్తది కదండీ, నిండుగా ఉండాలి" అని పైని మఱికొంత నూనెయు పోసిరి. 18,000 రూపాయలు వ్యయమయ్యెను. కారు మాత్రము చల్లబడలేదు. "ఎండలు అలా ఉన్నాయి" అని చెప్పి పంపిరి. మఱల పోగా గ్యాసు తక్కువయని కొంత నింపిరి, ఫలము లేదు. మా వారు నెమ్మదస్థులు, వాదింపరు. నే నట్టిదానను కాను. వెనుకవీథిలోని వృద్ధ మెకానిక్కు నొద్దకు బండిని పట్టించుకొని పోయితిని. ఆయన కప్పు ఎత్తకయే యడిగిన మొదటిమాట: "పాత దాంట్లోంచి ఎంత ఆయిలు దిగిందమ్మా?"

ఎవరు కొలిచిరి గనుక?

కిటుకంతయు నిచ్చటనే యున్నది. ఇంజను నూనెకు కొలపుల్ల కలదు. తీసి చూచినచో గీత తెలియును. ఏ.సీ. నూనెకు సాధారణముగా నట్టిది లేదు. ఆ నూనె యొకచోట నిలువయుండక గ్యాసుతో కలసి తిరుగుచుండును. కొంత కంప్రెసరులో, కొంత కండెన్సరులో, కొంత కూలింగుకాయిలులో, కొంత డ్రయ్యరులో నుండును. చిన్నకార్లలో మొత్తము కలిపి తఱచుగా 100 మొదలు 200 మిల్లీలీటర్లలోపే. గ్యాసు మెల్లగా కాఱిపోయినను నూనె చాలవఱకు లోపలనే యుండును. కాబట్టి నూనె కాఱిన జాడ లేనిదే, గ్యాసు నింపిన ప్రతిసారియు నూనె పోయుట తగదు.

తక్కువైనచో కంప్రెసరు లోపలిభాగములు ఒరసికొని బిగియును, ఇది యందఱెఱిగినదే. ఎక్కువైన కీడును మాత్రము తలపరు. అధికమైన నూనె కాయిలు గొట్టముల లోగోడలను పట్టి వేడిని గ్రహింపనీయదు. మందముగా మసిపట్టిన గిన్నెలో నీరు ఆలస్యముగా కాగునట్లే ఇదియు. అదిగాక ద్రవము గ్యాసువలె నొత్తుకొనదు; ఒక్కుమ్మడిగా కంప్రెసరులోనికి వచ్చిపడినచో కవాటములు విఱుగవచ్చును.

కంప్రెసరు మార్చునపుడు చేయవలసిన దిది. గ్యాసును యంత్రముతో పీల్చి తీసినపిమ్మట పాతదానిని వంచి, ఇరుసును చేతితో త్రిప్పుచు, దిగిన నూనెను గీతలుగల గాజుపాత్రలో కొలువవలెను. క్రొత్తదానిలోని నూనెను గూడ వంపి, పాతదానినుండి వచ్చినంతయే క్రొత్తనూనెను పోయవలెను. పెక్కు క్రొత్త కంప్రెసర్లు బండి మొత్తమునకు చాలు నూనెతో వచ్చును. అందు 120 ఉన్నదనుకొనుడు, పాతదానినుండి 50 దిగినదనుకొనుడు. తక్కిన 70 ఇంచుమించుగా గొట్టములలోనే యున్నదన్నమాట. అట్లే బిగించినచో 70 అధికమగును. పాతదానినుండి మఱీ స్వల్పముగా వచ్చినను, కండెన్సరో కాయిలో మార్చినను, ఎంత పోయవలెనో బండి తయారుచేసినవారి పుస్తకమే ప్రమాణము.

మా కథలో నింకొక చిక్కు. ఆ వృద్ధుడు దిగిన నూనెను తెల్లగుడ్డపై రాచి చూపెను; మెఱుగుపొడి! బిగిసిన కంప్రెసరు రాల్చిన లోహము. అప్పుడు కొలతల లెక్క పనికిరాదు. గొట్టములు కడిగి, డ్రయ్యరు మార్చి, పుస్తకమునందున్న మొత్తము కొలతను పోయవలసినదే. (కడుగ వీలుకాని సన్ననిపాయల కండెన్సరైనచో దానినిగూడ మార్చవలెను, మాది పాతరకమగుటచే తప్పినది.) మా బండికి మొత్తము 120. క్రొత్త కంప్రెసరునుండియే 110 దిగెను. గొట్టములనుండి వచ్చినది వేఱు.

నూనె జాతియు ముఖ్యమే. 1987 నాటి మాంట్రియల్ ఒడంబడిక పిమ్మట కార్లలో ఆర్-12 గ్యాసు పోయి ఆర్-134ఏ వచ్చెను. పాతగ్యాసునకు వాడిన ఖనిజనూనె దీనితో కలియదు గనుక పీ.ఏ.జీ. నూనె వాడుచున్నారు. డబ్బాపైని 46, 100, 150 అను అంకెలు చిక్కదనమును దెలుపును. విద్యుత్తుతో తిరుగు కంప్రెసరుగల బండ్లలో మోటారుతీగలే నూనెలో తడియుచుండును గాన, విద్యుత్తును పాఱనీయని వేఱు నూనె, సామాన్యముగా పీ.ఓ.ఈ. జాతిది, వాడుదురు. అందు పీ.ఏ.జీ. పోయుట ప్రమాదకరము. ఇక పీ.ఏ.జీ. గాలిలోని తేమను ఉప్పువలె పీల్చును. మూత తీసియుంచిన డబ్బాలోని నూనెను పోయనీయకుడు. ఆవకాయజాడీలో తడిగరిటె పెట్టనిత్తుమా?

అంతయు బిగించి, లోపలి గాలిని, తేమను పంపుతో లాగివేసి, కొలతప్రకారము గ్యాసు నింపి, ఇరుసును పదిమాఱులు చేతితో త్రిప్పినపిమ్మటనే ఆయన ఏ.సీ. వేసెను. గుంటూరు చేరకముందే మా యత్తగారు చెంగు భుజములనిండ కప్పుకొని, "కాస్త తగ్గించవే" అనిరి.

మొదటిషెడ్డువారు పైకము తిరిగి యియ్యలేదు. పిల్లరుసుమును రెండు వాయిదాలలో కట్టితిమి. అత్తగారి రెండవకంటికి మార్గశిరమున శస్త్రచికిత్స. గీతల గాజుపాత్ర యొకటి కొని కారుసొరుగులో నుంచితిని.