నెలల తరబడి పస్తుంచి 'మెయింటెనెన్స్ జీరో' అంటారా?

"స్టార్ ఫిష్ వేసుకోండి సార్, మెయింటెనెన్స్ జీరో. అడుగున మిగిలిందేదో తిని బతికేస్తుంది." మొన్న ఓ అక్వేరియం షాపాయన కొత్తగా ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్న దంపతులకు చెబుతుంటే విన్నాను. వాళ్లు మురిసిపోయి నీలంరంగుది ఒకటి కవర్లో పట్టుకెళ్లారు. ఆయనొక్కడి మాటైతే ఊరుకుందును. ఈ సరదా ఉన్నవాళ్లలో ఎవర్ని కదిపినా ఇదే పాట.

ఆ నీలంది లింకియా. పగడపు దిబ్బల మీద పాకుతూ, రాళ్లకు పట్టిన సన్నటి జీవపు పొరను తిని బతికే ప్రాణి. నిన్న నీళ్లు పోసిన ట్యాంకులో ఆ పొర ఎక్కడుంటుంది? ఇంకొకటుంది, ఆస్ట్రోపెక్టెన్. 'ఇసుక శుభ్రం చేస్తుంది' అని అంటగడతారు. అది చేపల రెట్ట తినదయ్యా! ఇసుకలో దాగిన పురుగుల్ని, చిట్టి నత్తల్ని తింటుంది. ఇసుకను నిజంగా శుభ్రంగా ఉంచేవే అవి. అవన్నీ అయిపోయాక దానికి పస్తే.

స్టార్ ఫిష్ ఆకలికి తొందరగా చావదు, దాని ఖర్మ అది. తిండి లేకపోతే నెలల తరబడి తన ఒంటినే కరిగించుకుంటుంది. పైకి అవే ఐదు చేతులు, అదే రంగు. "చూశారా, ఏమీ పెట్టకపోయినా భేషుగ్గా ఉంది" అని యజమాని చుట్టాలకు చూపిస్తాడు. ఓ రోజు చేతి కొస ఊడుతుంది, ఒంటి మీద తెల్లటి పుళ్లు లేస్తాయి, ఆపైన ముద్ద. అప్పుడు 'ఏదో జబ్బు' అంటాడు, మందు కొంటాడు. చేపల తెల్లమచ్చలకు వాడే రాగి మందు దీనికి విషం.

 

తెగిన చెయ్యి మళ్లీ మొలుస్తుంది కదా అంటారు. మొలవాలంటే తినాలి!

తిండి ఒక్కటే కాదు, నీళ్ల సంగతీ ఉంది. స్టార్ ఫిష్‌కు రక్తం లేదు. సముద్రపు నీటిలాంటి ద్రవమే ఒంట్లో తిరుగుతుంది, దాని ఒత్తిడితోనే గొట్టపు పాదాలు కదులుతాయి. బయట ఉప్పు మారితే లోపల సర్దుకోలేదు. నీటి సాంద్రత 1.025 దగ్గర నిలకడగా ఉండాలి. ఆవిరైన మేర మంచినీళ్లే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. కొత్తగా తెచ్చినప్పుడు గంటల తరబడి చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు కలుపుతూ అలవాటు చేయాలి. కవరు కాసేపు తేలేసి వదిలేస్తే చాలట, ఆ షాపు పెద్దమనిషి చెప్పాడు! బీచ్ నీళ్లు తెచ్చి పోస్తే పోలేదా అనే విశాఖ మిత్రులు కూడా వినండి. వానాకాలం తర్వాత నదుల నీళ్లు కలిసి బంగాళాఖాతం పైపొరలో ఉప్పు తగ్గుతుంది. కొలవకుండా పోయకండి.

మరేం పెంచాలంటారా? రాళ్లు నిండిన పాత ట్యాంకైతే స్టార్ ఫిష్ చుట్టం బ్రిటిల్ స్టార్ ఉంది. మిగిలిన మేత తినే గుణం నిజంగా దానికే ఉంది. కానీ పగలంతా రాళ్ల సందుల్లో దాక్కుంటుంది, చూడ్డానికి రంగుండదు, అందుకే షాపాయన నోట దాని పేరు రాలేదు. ఆకుపచ్చ రకం మాత్రం వద్దు, చేపల్నే పట్టి తింటుంది. మిగతా వాటి గురించి కొనేముందు 'ఏం తింటుంది?' అని అడగండి. 'ఏమీ అక్కర్లేదు' అన్నాడా, కవరు అక్కడే పెట్టి వచ్చేయండి.