గేటుకూ ఆఫీసుకూ మధ్య

కాటా చీటీ అంటే మనకు వేదవాక్కు. కిరాణా కొట్లో త్రాసు ముల్లును అనుమానించే మనమే, మిషను అచ్చువేసి ఇచ్చిన చీటీని మాత్రం నోరెత్తకుండా మడిచి జేబులో పెట్టుకుంటాము. నేనూ అటువంటివాడినే. ఆ భక్తి నాకెలా వదిలిందో ఈ వారం మనవి చేస్తాను.

1998లో నేనొక పంచదార ఫ్యాక్టరీలో మీటర్లూ మిషన్లూ చూసుకునే చిన్న ఉద్యోగిని. గేటు దగ్గర లారీలు తూచే కాటా. దానికి 180 మీటర్ల అవతల ఆఫీసు. ఆ సీజనులో కాటా నుంచి ఆఫీసు కంప్యూటరుకు తీగ లాగించాము. అంకెలు వాటంతట అవే వెళ్ళి చీటీ మీద పడతాయి. కాటా గుమాస్తా మాత్రం పాత అలవాటు మానలేక, ప్రతి బరువూ పుస్తకంలో రాస్తూనే ఉండేవాడు. చాదస్తమని నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఒకనాటి సాయంత్రం ఒక ముసలి రైతు చీటీ పట్టుకుని వచ్చాడు.

"బాబుగారూ, కాటా దగ్గర అద్దంలో పదహారువేల నూట ఎనభై కనపడింది. చీటీలో పద్నాలుగువేల నూట ఎనభై అని ఉంది. గేటుకూ ఆఫీసుకూ మధ్య నా చెరుకు రెండు వేల కిలోలు ఎవరు తిన్నారండీ?"

"కంప్యూటరు పొరపాటు చెయ్యదు పెద్దాయనా, మీరే సరిగ్గా చూసి ఉండరు" అన్నాను.

"మొన్ననే కంటికి ఆపరేషన్ అయింది బాబూ. ఇప్పుడు బాగానే కనపడుతోంది" అన్నాడాయన.

గుమాస్తా పుస్తకం తెప్పించాను. అందులో 16,180 అనే ఉంది. నాకు చెమటలు పట్టాయి.

తిన్నవాడు ఎవడో తెలుసుకోవటానికి మూడు రోజులు పట్టింది. తీగ మీద అంకెలు ఒకట్లూ సున్నాలుగా, ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. 6 అంటే 0110110. 4 అంటే 0110100. దారిలో ఒక్క ఒకటి సున్నాగా మారితే చాలు, ఆరు కాస్తా నాలుగైపోతుంది. చెరుకు దించే క్రేను మోటారు తిరగటం మొదలైనప్పుడల్లా ఆ మార్పు జరిగే ప్రమాదం ఉన్నది.

ఎందుకంటే, మేము వాడినది ఆర్.ఎస్. 232 అనే పద్ధతి. 1960లో అమెరికాలో ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం యేర్పరచిన నియమం అది. దగ్గర దగ్గర పెట్టుకున్న యంత్రాలకు బంగారం లాంటిది. సుమారు 50 అడుగుల దూరానికి ఉద్దేశించినది. మేము దాన్ని దాదాపు పన్నెండు రెట్లు లాగించాము! పైగా అందులో సంకేతం ఒకే తీగ మీద వస్తుంది. దాని వోల్టేజిని ఎర్తుతో పోల్చి, 3 వోల్టులు దాటి పైన ఉంటే సున్నా, కింద ఉంటే ఒకటి అని నిర్ణయిస్తారు. గేటు దగ్గర ఎర్తూ ఆఫీసు ఎర్తూ ఒకటే అయితే చిక్కులేదు. పెద్ద మోటారు కదిలితే ఆ రెండూ ఒకటిగా ఉండవు. నేలే ఊగుతుంటే గోడ ఎత్తు కొలిచినట్టన్నమాట.

వేగం తగ్గించి చూశాను. లావు కేబులు వేయిద్దామన్నాను. చివరకు మా ఎలక్ట్రీషియను, నాకంటే పెద్దవాడు, "ఒంటి తీగ ఎంత అరిచినా ఏం లాభమండీ? త్రాసు కట్టండి" అన్నాడు.

ఆ మాటలోనే ఉంది కిటుకంతా. ఆర్.ఎస్. 485 అని 1983లో వచ్చిన పద్ధతిలో సంకేతానికి రెండు తీగలుంటాయి. ఒకటి పైకి లేస్తే రెండవది కిందికి దిగుతుంది. అవతలి యంత్రం ఆ రెండింటి తేడానే చూస్తుంది. మోటారు గోల రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది. త్రాసు రెండు సిబ్బెల్లోనూ సమానంగా వాన కురిస్తే ముల్లు కదలదు కదా! వోల్టులో అయిదవ వంతు తేడా ఉన్నా గుర్తుపడుతుంది. 4,000 అడుగుల దాకా మాట పోదు. తీగలను తాడు పేనినట్టు పెనవెయ్యాలి, గోల రెండింటికీ సమంగా తగిలేందుకు. ఈ ఉపాయానికి గ్రాహంబెల్ టెలిఫోన్ల కోసం 1881లోనే పేటెంటు తీసుకున్నాడు.

కాటా దగ్గర ఒకటి, ఆఫీసులో ఒకటి, సబ్బుపెట్టెంత మార్పిడి పెట్టెలు పెట్టించాము. ఆ పెట్టెలలో సంకేతం కాస్త దూరం తీగ మీద కాక వెలుగుగా దాటుతుంది. ఇవతలి ఎర్తు గొడవ అవతలికి పోదు. వెళ్ళిన సంకేతం చివర తగిలి ప్రతిధ్వనిలా తిరిగి రాకుండా రెండు కొసలలోనూ 120 ఓముల నిరోధకం తగిలించాము. ఒక్క బిట్టు మారినా పట్టుకునే పారిటీ పరీక్ష అంతవరకూ ఎవరూ పెట్టనేలేదు. ఆ తప్పు నాదే. అదీ పెట్టాము.

అసలు పని తరువాత ఉంది. గుమాస్తా పుస్తకంతో సీజను చీట్లన్నీ సరిచూశాము. యేడు తేడా వచ్చాయి. అయిదింటిలో నష్టం రైతులది, రెండింటిలో ఫ్యాక్టరీది. ఆ అయిదుగురికీ డబ్బు ముట్టజెప్పేదాకా నాకు నిద్ర పట్టలేదు. పుస్తకం రాయటం మానమని గుమాస్తాకు మళ్ళీ ఎవరూ చెప్పలేదు.

ఆ పద్ధతి ఈనాటికీ ఎన్నో ఫ్యాక్టరీలలో నమ్మకంగా పనిచేస్తోంది. అయినా, పాఠకులకు నాదొక విన్నపం. చీటీ మడిచే ముందు ఒకసారి అద్దం వైపు చూడండి. ఆ ముసలాయన మళ్ళీ లోడు తెచ్చిన రోజున నేనక్కడే ఉన్నాను. చీటీ చూసుకున్నాడు, అద్దం చూసుకున్నాడు, ఆఖరున నావైపు చూసి, "ఈసారి ఎవరూ తినలేదు బాబూ" అన్నాడు.